మామ మోటరుకు సెలవు

ఎమ్మెస్సీ చదివే ఆ రోజుల్లో, తెలిసిన నాలుగు ముక్కలూ ఎవరో ఒకరి చెవిన వెయ్యకపోతే నాకు అన్నం సహించేది కాదు. నంద్యాల కాలేజీలో నా ప్రాజెక్టు, బీపీ ఉన్నవాళ్ల రక్తకణాల్లో సోడియం రాకపోకలు. రక్తం ఇమ్మంటే తెలిసినవాళ్లంతా మొహం చాటేశారు. ఆళ్లగడ్డలో శనగ సేద్యం చేసే మా మేనమామ మాత్రం, బీపీ మాత్రల కోసం నంద్యాల వచ్చినప్పుడు ల్యాబుకొచ్చి చొక్కా చెయ్యి మడిచాడు. "తీసుకోప్పా, ఎంత గావాల్నో!" ఆ ఉత్సాహంలో పాఠం అందుకున్నాను. "ప్రతి కణానికీ ఒక మోటరు ఉంటాది మామా. లోపలికి చేరిన ఉప్పును బయటికి తోడేస్తాంటాది. కొందరికి అది మెల్లగా తిరుగుతాది. ఉప్పు లోపలే నిలిస్తే రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతాది."

మామ ముఖం వెలిగిపోయింది. బోరు మోటర్లు విప్పి బిగించడంలో ఆయనకు ఊళ్లో పేరు. "మరి నేను మింగే మాత్ర?" అన్నాడు. "అదీ ఉప్పును బయటికి పంపేదే" అన్నాను. (అది పనిచేసేది మూత్రపిండాల్లో అని చెప్పడానికి బద్ధకించాను.)

నెల తర్వాత రెండోసారి రక్తం ఇవ్వడానికి వచ్చి, గర్వంగా చెప్పాడు. "మాత్ర రోజు మార్చి రోజు మింగుతాండా అల్లుడూ. రోజూ నడిపితే కాయిల్ కాలిపోదా? మోటరుకు సెలవియ్యాల." పడీపడీ నవ్వాను. తప్పు మామా, రోజూ మింగాల అని ఒక్క మాట అనాల్సింది. హాస్టల్లో అందరికీ చెప్పి నవ్వించాలన్న తొందరలో ఆ మాట నోట రాలేదు. వాళ్లూ బాగానే నవ్వారు.

కొన్ని వారాలకు శనగచేలోనే మామ మూతి పక్కకు పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు "రోజు మార్చి రోజు మింగమని ఎవరు చెప్పారు?" అని గద్దిస్తే, ముద్దముద్దగా, "నేనే కనిపెట్టినా సార్. మోటరు సంగతి చెప్పింది మా అల్లుడు. పెద్ద సదువు" అని ఎడమ చేత్తో నన్ను చూపించాడు. నేరం మోపడానికి కాదు, గొప్ప చెప్పుకోవడానికి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు.

చెయ్యి కొంత తిరిగొచ్చింది కానీ, మోటరు విప్పే పానా పట్టేంత రాలేదు. నేనిప్పుడు అదే పాఠం కాలేజీలో చెబుతున్నాను. ఆదివారం వస్తే ఆళ్లగడ్డ పోయి మామ మాత్రలు చూసి వస్తాను. మొన్న బొమ్మ గీసి మరీ అంతా మొదటినుంచీ వివరించి, "ఇప్పుడు చెప్పు మామా, రోజూ ఎందుకు మింగుతాండావ్?" అనడిగాను.

"మింగకపోతే నువ్వు ఏడుస్తావు గదప్పా" అన్నాడు.

ఆ జవాబుకు ఎన్ని మార్కులు వెయ్యాలో తెలియక, ఈ పంతులు కళ్లద్దాలు తుడుచుకుంటూ నవ్వేశాడు.