అక్క తీసిన వాగ్దానం

ఈ మధ్య పిల్లలు చదివే నవలల్లో లోకం ఎప్పుడో పాడైపోయి ఉంటుంది. ఊరి చుట్టూ గోడ, గోడ మీద తుపాకులు, పదహారేళ్ళు రాగానే పిల్లల బతుకు తేల్చేసే పెద్దలు. వాటిని డిస్టోపియా నవలలంటారట. మనవరాలు తెచ్చిస్తే నేనూ చదువుతాను. విసుక్కుంటూనే చివరిదాకా చదువుతాను. నాకు వాటి మీద పాత కోపం ఒకటుంది. అది ఆళ్ళగడ్డలో మొదలైంది.

డెబ్భైల చివర్లో మా నాయన అక్కడి బడిలో టీచరు. పని మీద నంద్యాల పోయినప్పుడల్లా బస్టాండు దగ్గరి అద్దె పుస్తకాల షాపులో మాకోసం నవలలు తెచ్చేవాడు. ఒకసారి అట్ట ఊడిపోయిన అనువాద నవల వచ్చింది. దాని పేరేమిటో మాకు తెలియనే తెలియదు. యుద్ధం తర్వాత మిగిలిన ఒక నగరం కథ అది. అక్కడ పదహారో ఏట పిల్లలంతా కుండలో చెయ్యి పెట్టి బిళ్ళ తీయాలి. బిళ్ళ రంగు చూసి, గనుల్లోకి పోయేదెవరో చదువుకునేదెవరో పెద్దలు చెబుతారు. కథానాయిక తన బిళ్ళను విసిరికొట్టి గోడ దూకి పారిపోతుంది.

అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది, అప్పుడు పదో తరగతి. వేరుశనక్కాయలు ఒలుస్తూ నేను వింటుంటే ఆమె పైకి చదివింది. నాయన కూడా చదివి మండిపడ్డాడు.

"ఏం మనుషులప్పా వీళ్ళు! పిల్లోళ్ళ బతుకు బిళ్ళతో తేలుస్తాండారే!" అన్నాడు.

అమ్మ మంచం మీద నుంచే నవ్వింది. ఆమెకు అప్పటికే ఆయాసం. వాకిలి దాకా వచ్చినా కూర్చుండిపోయేది.

అక్కకు లెక్కలంటే ప్రాణం. ఇంటర్ నంద్యాలలో చదవాలని దాని ఆశ. హాస్టల్లో కిటికీ పక్క మంచం తీసుకుంటానని, శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేస్తానని నాకు చెప్పి చెప్పి చెవులకు తూట్లు పొడిచేది.

జనవరి ఒకటిన చర్చిలో ఆరాధన కాగానే వాగ్దాన కార్డులు తీయడం మా వాళ్ళ ఆనవాయితీ. పాస్టరుగారి భార్య పళ్ళెంలో కార్డులు బోర్లించి తెస్తుంది. ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీద ఉన్న బైబిలు వాక్యమే ఆ ఏడాదికి దేవుడు మనతో అన్న మాట. అక్కకు ఉన్నచోట నెమ్మదిగా ఉండమనే అర్థం వచ్చే వాక్యం వచ్చింది. పరీక్షలకు భయపడొద్దని దేవుడు ధైర్యం చెప్పాడని సంబరపడింది. నేనూ అంతే అనుకున్నాను. బిళ్ళల కథ చదివి పళ్ళు నూరి నెల తిరగలేదు. అయినా ఆ పళ్ళెంలో చెయ్యి పెడుతున్నప్పుడు మా ఇద్దరిలో ఒక్కరికీ ఏమీ తట్టలేదు.

ఫలితాలొచ్చాయి. అక్కకు ఫస్ట్ క్లాసు. నాయన వీధంతా మిఠాయి పంచి, ఆ సాయంత్రం అక్కను పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరాడు.

"పాపా, నీ కార్డు గుర్తుంది గదా. ఉన్న తావునే ఉండమని దేవుడు ముందే చెప్పినాడు. మీ అమ్మను ఇట్ల ఇడ్సిపెట్టి యాడికి పోతావ్ చెప్పు?"

"సరే నాయనా," అంది అక్క. లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

రెండేళ్ళకు నా వంతు వచ్చింది. విత్తినవాళ్ళు సంతోషంగా కోసుకుంటారనే వాక్యం నాది. "సదువు గూడా సేద్యమే గదా," అని నాయన నవ్వుతూ నా ట్రంకు పెట్టె తానే సర్ది నంద్యాల బస్సెక్కించాడు. ఆ వాక్యమే అక్కకు వచ్చుంటే, పొలం చూసుకోమని అర్థం వచ్చేదేమో! అమ్మ దగ్గర అక్క ఉంది కాబట్టి నా కార్డు నంద్యాల దాకా పోగలిగింది. నాయన మోసం చేశాడని నేననను. ఆయన నిజంగానే నమ్మాడు. మోసమైతే ఒకరోజు కడుపారా తిట్టుకుని తేలికపడేదాన్ని. ఇది అట్లా తీరేది కాదు, ఇప్పటికీ తీరలేదు.

ఈ నవలలు రాసేవాళ్ళకు ఎంత సుఖమో! తల్లిదండ్రులు మొదటి అధ్యాయంలోనే పోతారు. చెడ్డవాళ్ళు యూనిఫాం వేసుకుని గుర్తుపట్టడానికి వీలుగా నిలబడతారు. ఎదురు తిరగాల్సింది ఎవరిమీదో పిల్లలకు వెతుక్కునే పని ఉండదు. పదమూడేళ్ళప్పుడు నేనూ అట్లాంటి గోడ కోసమే చూశాను. మా ఇంటికి ఉన్నది దడి మాత్రమే, అది కూడా మేకలు రాకుండా.

ఎనభైల నడుమ నాకు నంద్యాలలోనే టీచరు ఉద్యోగం వచ్చింది. అప్పటికి అమ్మ లేదు. ఒకసారి అక్క మా ఇంటికొచ్చి, వరండాలో చాట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వీధిలో కాలేజీ పిల్లలు గుంపుగా పోతున్నారు. ఏరడం ఆపి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది. నేను ఉండబట్టలేకపోయాను.

"నువ్వు ఆ పొద్దు కార్డు చించి పారేసింటే బాగుండు కదక్కా. ఆ నవల్లో పిల్ల మాదిరి."

అక్క మళ్ళీ చాట మీదికి వంగింది.

"ఆ పిల్లకు నాయన లేడు గదమే," అంది. "నాకుండె. తల నిమురుతా చెప్పినాడు. కోపమే రాల్యా నాకు. ఏం జేసేది?"