ఎమర్జెన్సీ బాబాయి

బాబాయికి ఉన్న చాదస్తం ఒక్కటే. ఏ దేశంలో కాలు పెట్టినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కోవాలి. ఆ ఒక్క ప్రశ్న ఎన్నో భాషల్లో అడగగలడు. నమస్కారం చెప్పడం మాత్రం ఒక్కదాంట్లోనూ రాదు.

ఈసారి విదేశయాత్రకి బాబాయి, పిన్నితోపాటు అన్నగారమ్మాయి కూడా బయల్దేరింది. ఆమెకి ఐబీఎస్ అనే పేగుల జబ్బు. ప్రాణానికేం ముప్పు లేదుగానీ, కాస్త కంగారు పడితే చాలు, కడుపు మెలిపెట్టి పరుగులు పెట్టిస్తుంది. సిగ్గుతో డాక్టరుకి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఆ భయంతో ఏళ్ళ తరబడి ఊరు దాటలేదు. ఈ యాత్రలో పరువు పోయిందంటే మళ్ళీ ఇల్లు కదలకూడదనుకుంది.

రెండో రోజే టూరు బస్సులో కడుపులో గడబిడ మొదలైంది. చెమటలు పట్టాయి. ఇంతలో ముందు సీట్లోంచి బాబాయి లేచాడు.

"బాబూ, బస్సాపు! నా కడుపు నా మాట వినడం లేదు!"

"ఒక్క గంట ఓర్చుకోండి సార్," అన్నాడు గైడు.

"నేను ఓర్చుకుంటా. నీ సీటు ఓర్చుకోవద్దూ?"

బస్సు ఆగింది. బాబాయి పెట్రోలు బంకులో అందరినీ తోసుకుంటూ బాత్రూమ్ తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు. "నాకు సర్దుకుందమ్మా. ఎలాగూ దిగాం, నువ్వెళ్ళిరా."

మ్యూజియంలో, పడవల రేవులో, ప్రతిచోటా అదే తంతు. బస్సులోవాళ్ళు ఆయనకి ఎమర్జెన్సీ అని పేరు పెట్టారు. ఆయన దానికి హాయిగా పలికేవాడు.

పాపం బాబాయి అనుకుని, ఓ సాయంత్రం అమ్మాయి తన మాత్రలు ఇవ్వబోయింది.

పిన్ని పకపకా నవ్వింది. "మందు ఈయనకా? రాళ్ళు తిని హరాయించుకుంటారు!"

అమ్మాయికి అప్పుడు వెలిగింది. "ఎలా తెలిసింది బాబాయ్?"

"చిన్నప్పుడు కిటికీ సీటు కోసం జుట్లు పట్టుకునేదానివి. విమానంలో కిటికీ ఇస్తానంటే వద్దని నడవ పక్కన కూర్చున్నావు. గుక్కెడు నీళ్ళు ముట్టలేదు."

"నాకోసం అందరిలో నవ్వులపాలయ్యావా?"

"ఈ వయసులో పరువు దాచుకుని ఏం చేసుకోనూ?"

ఆమెకి బాబాయి మీద ఎక్కడలేని ప్రేమ పొంగింది.

మర్నాడు బస్సులో కడుపు మెలిపెట్టగానే ఆమే లేచింది. "బస్సు ఆపండి. ఇన్నాళ్ళూ కడుపు నాదే, బాబాయిది కాదు."

ఎవరూ నవ్వలేదు. పైగా ఎప్పుడెప్పుడా అని చూస్తున్నట్టు సగం బస్సు ఆమె వెనకాలే దిగింది. అందరికంటే వెనక బాబాయి కాళ్ళు మెలికలు తిప్పుతూ నిలబడ్డాడు.

"కాస్త దారివ్వండి! ఈసారి నిజంగానే!"

ఒక్కరూ నమ్మలేదు. బాత్రూమ్ తలుపు దగ్గరున్న అమ్మాయి మాత్రం పక్కకి జరిగింది.

"నువ్వెళ్ళిరా బాబాయ్. నాకు సర్దుకుంది."

నిజంగానే సర్దుకుంది.