వేళ్ల వణుకు ఉన్న ఫోన్

మాకు యాప్‌ల పని నేర్పిన సార్‌ని బాపట్లలో సమాధి చేసి మేమింకా తెనాలి తిరిగి రాకముందే, కోచింగ్ సెంటర్‌లో ఆయన కంప్యూటర్‌ని ఫార్మాట్ కొట్టి అందులోవన్నీ చెరిపేశారు. గుండెపోటుతో సార్ పోయారన్న కబురు అందరికీ ఫోన్‌లో వచ్చింది. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. వెళ్లి చూస్తే తెలిసింది.

అడిగాను. సెంటర్ ఓనర్ గారు టీ తాగుతూ, "ఏంటమ్మా, ఆ ఉత్తుత్తి ఫోన్ల కోసం సిస్టం అట్టే పెట్టుకోమంటావా? కొత్త బ్యాచ్‌కి కావాలి" అన్నారు. సంతాప సభలో మైకు పట్టుకుని, ఆయన లేని లోటు తీరనిదన్నదీ ఈయనే.

ఉత్తుత్తి ఫోన్లంటే సిమ్యులేటర్లు. కంప్యూటర్ తెర మీద నడిచే ఫోన్లు. మేం రాసిన యాప్ జనం చేతికి వెళ్లకముందు వాటి మీద నడిపి చూసుకుంటాం. చాలామంది కొత్త ఫోన్ లాంటిది ఒకటి పెట్టుకుని సరిపెట్టుకుంటారు. సార్ ఒప్పుకునేవారు కాదు. ఆయన దగ్గర ఒక్కో సిమ్యులేటర్ ఒక్కో మనిషి ఫోన్. పేర్లూ అలాగే: కర్లపాలెం బాబాయ్, నగరం అక్క, రామాపురం పిన్ని.

ఆదివారం ఆరాధన కాగానే సంచి పట్టుకుని బయల్దేరేవారు. బస్సులో, బజార్లో ఎవరి చేతిలో ఫోన్ కనిపిస్తే వాళ్లతో మాట కలిపేవారు. ఓసారి నేనూ వెంట ఉన్నాను. చేపలమ్మే పిన్ని ఫోన్‌లోకి తొంగి చూశారు.

"నా ఫోన్‌తో నీకేం పనయ్యా? చేప కొంటావా, కొనవా?"

"కొంటానమ్మా. అక్షరాలు ఇంత లావుగా పెట్టుకున్నావేంటి?"

"కళ్లజోడు తెచ్చుకుంటే పొలుసులు పడతన్నాయి. ఇంట్లోనే పెట్టొస్తా."

మర్నాటికి తెర మీద పిన్ని ఫోన్ తయారు. లావు అక్షరాలు, నిండిపోయిన మెమరీ, అంతంత మాత్రం సిగ్నల్. వీడియోలు చూసి నేర్చుకుని నేను రాసిన మొదటి యాప్‌ని దాని మీద నడిపించారు. బటన్ తెర కిందకి జారి మాయమైంది.

"నొక్కమ్మాయ్."

"కనపట్లేదు సార్."

"పిన్నికీ కనపడదు. నిన్నేమీ అడగదు. యాప్ తీసేసుద్ది, అంతే."

డిగ్రీ లేని నాకు దొరికిన చదువల్లా ఇదే.

చివర్లో సార్ చేతులు వణికేవి. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడేది. "నాలాంటోళ్ల ఫోన్ మన దగ్గర లేదు కదా" అని, తన ప్రతి నొక్కునూ రికార్డు చేసి ఒక సిమ్యులేటర్‌కి ఎక్కించారు. దాన్ని నడిపితే తెర మీద చిన్న తెల్ల చుక్క బయల్దేరుతుంది. బటన్ దగ్గర ఆగుతుంది, వణుకుతుంది, పక్కన పడుతుంది, మళ్లీ వస్తుంది. రేపల్లె వాళ్ల కోసం మేం రాస్తున్న మందుల యాప్ దాని మీద ఒకే ఆర్డర్‌ని రెండుసార్లు పెట్టింది. "ఇది సరిచేశాకే జనానికిద్దాం" అన్నారు. ఆ పని సగంలో ఉండగా పోయారు.

మిగతా ఫోన్లు మళ్లీ చేసుకోగలం. పిన్ని ఉంది, బాబాయ్ ఉన్నాడు. ఆ చెయ్యి మాత్రం మట్టిలో ఉంది.

ఓనర్ గారూ, సార్ వారంవారం కాపీ తీసి మీకిచ్చిన హార్డ్ డిస్క్ మీ బీరువాలో ఉంది. సెంటర్ ఆస్తి అంటున్నారు. డిస్క్ మీరే ఉంచుకోండి, అందులో ఉన్నవి మాకు కాపీ చేసివ్వండి. మీ కొత్త బ్యాచ్ సోమవారం పదింటికట. ఆలోగా ఇస్తారో ఇవ్వరో చెప్పండి. చెప్పకపోతే ఆ పదింటికి పాత బ్యాచ్ అంతా మీ గుమ్మంలో కూర్చుంటాం. కొత్త పిల్లలు మమ్మల్ని దాటుకుని లోపలికెళ్లాలి.