చేదబావి దగ్గర మిత్రుడి సాక్ష్యం

నెల్లూరులో పత్రికకు వార్తలు రాస్తున్న రోజులవి. అరవైల మొదట్లో ఒక ఎండాకాలం, కాలేజీలో నాతో చదివిన మిత్రుడి ఊరికి వెళ్లాను. కొడవలూరు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. అతను మాగాణి రైతు, మెత్తని మనిషి. నేను రాసిన వార్త ఒకటి అతనికి మింగుడు పడలేదు. ఏదో ఊళ్లో హరిజనులను బావి తాకనివ్వడం లేదని రాశాను.

"ఇవన్నీ మీ పత్రికలోళ్లు పుట్టించేవి అబ్బయా. నేను పుట్టి పెరిగింది ఈడనే. ఒక్కనాడన్నా అట్లాంటిది చూస్తే ఒట్టు. రా, నువ్వే చూద్దువు."

మధ్యాహ్నం ఎండలో చేదబావి దగ్గరికి తీసుకుపోయాడు. గట్టు మీద బొక్కెన, చేంతాడు ఉన్నాయి. గట్టుకు ఎడంగా, నేల మీద ఒకామె ఖాళీ కుండ ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"ఏమ్మే, నిన్నెవరన్నా నీళ్లొద్దన్నారా?" అన్నాడు మిత్రుడు.

"ఎవురూ అన్లేదయ్యా."

"విన్నావా?" అన్నట్టు నా వైపు చూశాడు.

"మరెందుకు కూర్చున్నావమ్మా?" అని అడిగాను.

"ఎవురన్నా వచ్చి పోస్తారని సామీ. కోడలికి నొప్పులొచ్చినాయి. మంత్రసాని నీళ్లు తెమ్మనింది."

"ఆ మాట ముందే చెప్పొద్దా!" అంటూ అతను గట్టెక్కి గబగబా తోడాడు. ఆమె కుండను గట్టు కింద పెట్టి దూరం జరిగింది. అతను పైనుంచి పోశాడు. ఆమె కుండెత్తుకుని, మళ్లీ వస్తానని చెప్పి పరుగులాంటి నడకతో పోయింది.

అతను చెమట తుడుచుకుంటూ, "చూసినావా? వాళ్లని తాడు కూడా లాగనీము. కష్టమంతా మాదే," అన్నాడు.

హాస్యమనుకుని ముఖంలోకి చూశాను. హాస్యం కాదు.

"మనం రాకపోయుంటే?"

"ఎవరో ఒకరు రారా ఏంది? పద, అన్నం చల్లారిపోతాది."

నేను కదల్లేదు. అతను వెళ్లిపోయాడు. ఆమె తిరిగి వచ్చింది. "ఎవరూ లేరు, నువ్వే తోడుకో అమ్మా," అని తాడు చూపించాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దు సామీ. మీరు పొద్దుగూకితే నెల్లూరికి పోతారు. మేం ఈడనే బతకాల."

నేనే తోడి పోస్తున్నాను. నన్ను వెతుక్కుంటూ వచ్చిన మిత్రుడి ముఖం విప్పారింది.

"చూడు, ఊరికొచ్చిన చుట్టం కూడా పోస్తున్నాడు! ఇంకెక్కడుంది అబ్బయా అంటరానితనం?"

నేను బొక్కెన మళ్లీ బావిలోకి వదిలాను.

"ఇంకొంచెం పొయ్యండయ్యా. నేను పొయ్యేలోపలే బిడ్డ పుట్టింది, కడగాల," అందామె.

అతను నా చేతిలో తాడు అందుకున్నాడు. "ఆడబిడ్డా, మగబిడ్డా?"

"ఆడబిడ్డయ్యా."

"ఇంకేం మరి! నాలుగేళ్లు పోతే నువ్వీ ఎండలో కూర్చోబన్లేదు. అదొచ్చి కూర్చుంటాది," అన్నాడు, మనసారా సంతోషంతో, కుండ నిండా పోస్తూ.