ఎదురుకాళ్ళతో వచ్చినవాడు

ఇది నలభై ఏళ్ళ నుంచి మోస్తున్నాను. మా ఆయనకి చెప్పలేదు. తమ్ముడికి చెప్పలేదు. ఏటా అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణమూర్తి ముందు నిలబడి కూడా, ఈ ఒక్కటీ తప్ప మిగతావన్నీ చెప్పుకుని వచ్చేదాన్ని. మీరెవరో నాకు తెలీదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. ఇంకేదీ మార్చలేదు.

మా ఊరు రామతీర్థం కొండ కనిపించేంత దూరంలో ఉంటుంది. చుట్టూ వరి. ఊడుపుల రోజుల్లో పొద్దున్నే మా వాకిట్లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, నడుం పట్టేసినవాళ్ళు. తల్లి కడుపులోంచి ఎదురుకాళ్ళతో, అంటే తలకి బదులు కాళ్ళు ముందుగా పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదిలిపోతుందని మా వైపు నమ్మకం. మీ వైపూ ఉండే ఉంటుంది. వాళ్ళు బోర్లా పడుకుంటారు. నేను ఎడమ మడమతో మూడుసార్లు తొక్కుతాను. లేచి, అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఒగ్గేసినాదమ్మా" అని నవ్వుకుంటూ పొలానికి పోతారు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టలేదు.

అదీ సంగతి. రాసేశాను. ఏమీ కాలేదు.

ఎలా మొదలైందో చెప్తాను. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ పోయింది. అమ్మ పుట్టిల్లు భోగాపురం వైపు, నేను పుట్టింది అక్కడే. ఒక వేసవిలో అమ్మమ్మ పెరట్లో జీడిపిక్కలు కాలుస్తూ ఉన్నట్టుండి అంది: "నీకు ముందర ఒక గుంటడు పుట్టాడే. ఎదురుకాళ్ళతో వచ్చాడు. ఒళ్ళంతా వచ్చీసినాది, తలకాయ కాడ ఆగిపోయాడు. నువ్వు మాత్రం బంగారు తల్లివి, తలతోటి గంటలో పడ్డావు." పిక్కల పొగకో, మరి దేనికో, కళ్ళు తుడుచుకుంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అందులో ఎదురుకాళ్ళు అన్న మాట ఒక్కటే నాకు పట్టింది.

ఆ ఏడాది మా ఊళ్ళో నడుములు తొక్కే ముసలమ్మ చనిపోయింది. ఊడుపులు వచ్చాయి. మా పక్కింటావిడ నడుం పట్టేసి అరుగు మీద పడి మూలుగుతూ, "ఊల్లో ఎదురుకాళ్ళోలు ఇంకెవులూ లేరేటి?" అంది. నేను "నానున్నాను" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ పోయాక అంతమంది నా వైపు ఒక్కసారిగా చూడటం అదే మొదలు. నాన్నని అడిగితే ఉంటే ఉండొచ్చన్నాడు. పురిటి గదిలో సంగతులు ఆ రోజుల్లో మగవాళ్ళకి ఎవరు చెప్పేవారు? నేను తొక్కాను. ఆవిడ లేచింది. కొబ్బరికాయ కొట్టి సగం చెక్క నా చేతిలో పెట్టింది. ఆ కొబ్బరి రుచి ఇప్పటికీ గుర్తుంది, అబద్ధమాడను.

చూశారా, ఎంత సులువుగా అనేశానో, అబద్ధమాడను అని.

తర్వాత అది పెరిగింది. మా ఆయన సంబంధం కూడా అలాగే కుదిరింది. ఊళ్ళోవాడే. నడుం పట్టేసి వచ్చి, తొక్కించుకుని లేచి, "ఎలాగూ తొక్కించుకోక తప్పదు, ఇంట్లోనే తొక్కించుకుంటాను" అని వాళ్ళమ్మతో అన్నాడట. నేను పదో తరగతి పాసై అంగన్‌వాడీలో టీచరునయ్యాను. గర్భిణీలకి గుడ్లూ పాలూ ఇచ్చి, బరువు చూసి, నెలనెలా ఆస్పత్రికి వెళ్ళమని చెప్పే ఉద్యోగం. మధ్యాహ్నం దాకా పుస్తకం పట్టుకుని ఆస్పత్రి మాట, పొద్దున్న వాకిట్లో మడమ మాట. రెండూ నాలోనే ఉండేవి, ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు. నిజంగా వాళ్ళకి తగ్గేది కదా, ఎవరికి నష్టం అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. మూడేళ్ళ కిందట నష్టం దాకా వచ్చింది.

లావణ్య మా తమ్ముడి కూతురు. తొలిచూలు. పురిటికి పుట్టింటికి వచ్చింది. దాని మొగుడు భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల్లో పెద్ద పెద్ద మట్టి బండ్లు తోలేవాడు, ఆదివారం ఆదివారం వచ్చి చూసి వెళ్ళేవాడు. ఎనిమిదో నెల స్కానింగులో బిడ్డ తల పైకి, కాళ్ళు కిందికి ఉన్నాయన్నారు. ఇంకా టైముంది, తిరగొచ్చన్నారు విజయనగరంలో డాక్టరమ్మ. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అదే ధ్యాస. లావణ్య రోజంతా బిడ్డ తిరగడానికి చేసే ఆసనాలు ఫోనులో చూస్తూ, మోకాళ్ళ మీద వంగి తల నేలకి ఆనించి కూర్చునేది. వాళ్ళమ్మ పైడమ్మ, నా తమ్ముడి భార్య, కడుపులో బిడ్డ తలకిందులవ్వాలని ఇంట్లో బిందెలన్నీ బోర్లించేసింది. తాగడానికి నీళ్ళేవే అన్నందుకు మా తమ్ముడు తిట్లు తిన్నాడు. నవ్వొచ్చే సంగతే. అప్పుడు మాత్రం ఎవరమూ నవ్వలేదు.

తొమ్మిదో నెలలోనూ బిడ్డ తిరగలేదు. డాక్టరమ్మ సోమవారం వచ్చి చేరమన్నారు, ఆపరేషన్ చేసి తీస్తామన్నారు. పైడమ్మ ఒప్పుకోలేదు. దాని చెల్లెలికి ఆపరేషనయ్యాక ఏడాది పాటు కుట్లు బాధపెట్టాయి. ఆ భయం దానిది, చెడ్డ మనిషి కాదు. ఆదివారం పొద్దున్న నేను పుస్తకం పట్టుకుని వాళ్ళింటికెళ్ళి, రేపు తప్పకుండా వెళ్ళాలి అని గట్టిగానే చెప్పాను. పైడమ్మ నా పుస్తకం వైపు చూసి అంది: "అది ఉద్యోగం మాట వదినా. నీ మాట సెప్పు. నువ్వెలా పుట్టావు? మా అత్త ఏ ఆస్పత్రికి ఎల్లింది? దుక్కలా లేవేటి?"

నేను పుస్తకంలో పేజీ తిప్పాను. ఆ పేజీలో ఏమీ లేదు.

లేచి వచ్చేస్తుంటే లావణ్య గేటు దాకా వెనకాలే వచ్చింది.

"అత్తా."

"ఏటే."

"నువ్వు నిజింగానే ఎదురుకాళ్ళతో పుట్టావా?"

నేను గేటు గడియ మీద చెయ్యి వేశాను.

"నాకు బయమేస్తంది అత్తా. ఆస్పత్రన్నా బయమే, ఇల్లన్నా బయమే. నువ్వు సెబితే నమ్ముతాను. పుట్టావా?"

"పుట్టాను."

"మీ అమ్మకేటీ అవలేదా?"

"ఏటీ అవలేదు."

"అయితే నాకూ ఏటీ అవదు."

అంది. నవ్వింది. ఆ రోజు అన్నం మారు పెట్టించుకుని తిందని సాయంత్రం పైడమ్మ నాకు సంబరంగా చెప్పింది.

ఎందుకన్నాను? దాని భయం తీర్చడానికన్నానని చాలా రోజులు నమ్మాను. అది కాదు. నా మడమ కోసం అన్నాను. ఊళ్ళో వాకిళ్ళన్నీ నన్ను చూసి నవ్వే ఆ నవ్వు కోసం, మా ఆయన సరదాగా చెప్పుకునే ఆ పెళ్ళి కథ కోసం, తొమ్మిదేళ్ళప్పుడు చేతిలో పడ్డ ఆ కొబ్బరి చెక్క కోసం, నా కళ్ళెదుట పుట్టి పెరిగిన పిల్లని నేనే ఆ ప్రమాదంలోకి తోశాను. మా అన్న ఎలా పోయాడో ఆ ఊరందరిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేనొక్కదాన్నే కదా?

సోమవారం వెళ్ళలేదు. మంగళవారం వెళ్ళలేదు. పిల్లలకి పెట్టే పప్పు రెండు రోజులు మాడ్చాను, చివరికి ఆయా నా చేతిలోంచి గరిటె లాక్కుంది. బుధవారం చెప్పేద్దామని వాళ్ళ వీధి మలుపు దాకా వెళ్ళి, తమ్ముడెదురైతే పాల సంగతేదో మాట్లాడి వెనక్కి వచ్చాను.

గురువారం లావణ్యే అంగన్‌వాడీ సెంటరుకి వచ్చింది, గుడ్ల కోసం. మెల్లిగా నడిచి వచ్చి చిన్నపిల్లల చాప మీద కూర్చుంది. "సూడత్తా, కిందనే తంతన్నాది" అని నా చెయ్యి తీసుకుని పొత్తికడుపు మీద పెట్టింది. అరచేతిలో తగిలింది. మడమ. పెద్ద రేగిపండంత ఉంటుందేమో. ఒకసారి పొడిచి, తప్పుకుని, మళ్ళీ పొడిచింది.

అమ్మమ్మ చెప్పినదాంట్లో నేను వదిలేసిన సగం అప్పుడు వినపడింది. తలకాయ కాడ ఆగిపోయాడు.

పిల్లల్ని ఆయాకి అప్పగించి దానితో పాటు ఇంటికెళ్ళాను. దారంతా ఒకటే అనుకున్నాను, చెప్పేయాలి, గుమ్మం ఎక్కగానే చెప్పేయాలి. గుమ్మం ఎక్కాను. పైడమ్మ బియ్యం ఏరుతోంది. నోరు తెరిచాను. వచ్చిన మాటలు ఇవి:

"ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని సెప్తన్నాను పైడమ్మా. నా సేతికి తెలిసినాది. ఈ బిడ్డ ఆస్పత్రిలోనే పుట్టాలి. ఇయ్యాలే ఎల్లాలి."

పైడమ్మ చేట పక్కన పెట్టేసింది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. డాక్టరమ్మ చెప్తే కదలలేదు, ప్రభుత్వం వారి పుస్తకం చూపిస్తే కదలలేదు. నా అబద్ధం చెప్పగానే చీర మార్చుకుని, లావణ్య బట్టలు సర్ది, ఆటోకి మనిషిని పంపింది. అంత బలం ఉన్న అబద్ధాన్ని నాలుగు రోజులు ఊరికే పెట్టుకున్నాను.

డాక్టరమ్మ కోప్పడ్డారు. "సోమవారం రమ్మంటే ఇవాళా? ఇంటి దగ్గర నొప్పులొచ్చి కాళ్ళు ముందు బయటికొస్తే ఏం చేసేవాళ్ళు?" అని అందరినీ కలిపి అడిగారు. పైడమ్మ తల దించుకుంది. ఆ మాటలు పడాల్సినదాన్ని నేను, అందరి వెనకా నిలబడి ఉన్నాను.

మర్నాడు పొద్దున్న ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. వరండా అంతా వినపడేలా ఏడ్చింది. ఏడుపు విని అంత సంతోషపడటం నాకదే మొదలు. కాళ్ళు పట్టుకునే తీశాం అని నర్సు నవ్వుతూ చెప్పింది. పైడమ్మ అక్కడే, అందరూ చూస్తుండగా, వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. "ఈ కాళ్ళే కాపాడినాయి వదినా" అంది. నేను వెనక్కి జరిగాను. అది ఇంకా ముందుకు వచ్చింది.

ఏమీ జరగలేదు కాబట్టి తప్పు కాకుండా పోతుందా? ఆ నాలుగు రోజుల్లో ఏ పూటైనా దానికి నొప్పులొచ్చి ఉంటే? ఈ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. మీకూ తెలుసు.

ఆ పిల్లకిప్పుడు మూడేళ్ళు. బారసాల నాడే ఊళ్ళో పెద్దలు పంచాయితీ పెట్టారు, కడుపు కోసి తీస్తే ఎదురుకాళ్ళ లెక్కలోకి వస్తాదా రాదా అని. వస్తాదని తేల్చారు. ఈ ఊడుపులకి లావణ్య పుట్టింటికి వచ్చి ఉంది, పిల్లని తెచ్చి నడుముల మీద నిలబెట్టారు. మూడుసార్లు చాలంటే వినదు, గెంతుతూనే ఉంటుంది, కింద పడుకున్నవాళ్ళు కుయ్యోమంటారు, అందరూ పడీ పడీ నవ్వుతారు. నేనూ నవ్వాను. దాని మడమలు చూస్తూ కూర్చున్నాను. ఆ మడమలు నిజమైనవి. నాకు అసూయేమీ కలగలేదు, హాయిగా ఉంది.

అక్కడితో ఊరుకునేదాన్నేమో. మొన్న సెంటరుకి ఒక అమ్మాయి వచ్చింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, తొమ్మిదో నెల. స్కానింగ్ కాగితం తెచ్చింది. కాళ్ళు కిందికి. వచ్చే వారం చేరమన్నారట. "మా అత్త వద్దంతంది టీచరమ్మా. టీచరమ్మ అలాగే పుట్టలేదేటి, లావణ్య బిడ్డని కూడా టీచరమ్మ కాళ్ళే కాపాడినాయి కదా అంతంది" అంది.

గుడ్లు లెక్కపెడుతున్నదాన్ని ఆగిపోయాను. నా పక్కన ఆయా ఉంది. పిల్లలున్నారు.

"లేదమ్మా" అన్నాను. "కాళ్ళతో వచ్చినవాడు మా అన్న. తల దగ్గర ఆగి చచ్చిపోయాడు. నేను తలతోనే పుట్టాను. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. మీ అత్తతో ఇదే మాట చెప్పు."

ఆ పిల్ల నన్ను చూసింది. ఆయా నన్ను చూసింది. కాగితం మడుచుకుని, గుడ్లు తీసుకుని ఆ పిల్ల వెళ్ళిపోయింది. మర్నాడే వాళ్ళాయన వచ్చి, బుధవారం చేరుతున్నామని నా పుస్తకంలో రాయించి వెళ్ళాడు. నా మొహం వైపు చూడలేదు.

ఆయా నోట మాట ఆగదు. ఈపాటికి పైడమ్మ చెవిన పడే ఉంటుంది. రెండు రోజులుగా మా ఇంటి వైపు రాలేదు. లావణ్య ఫోను చెయ్యలేదు. గేటు దగ్గర ఆ ఆదివారం తనతో అన్న మాట అబద్ధమని దానికి నా నోటితోనే చెప్పాలి. సాయంత్రం వెళ్తాను. అది క్షమిస్తుందో లేదో తెలీదు. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. చెప్పి వస్తాను.

ఈ పొద్దున్న ఒకాయన నడుం పట్టుకుని వచ్చాడు, ఇంకా వార్త చేరలేదేమో. పాప దగ్గరికి వెళ్ళమని పంపేశాను. వాకిలి ఖాళీగా ఉంది. చాలా ఏళ్ళ తర్వాత తీరుబడిగా కూర్చుని అన్నం తిన్నాను. మా అన్నకి ఎవరూ పేరు పెట్టలేదు, అమ్మమ్మ కూడా గుంటడు అనే అంది. తింటూ తింటూ ఒకసారి "అన్నయ్యా" అని పైకి అన్నాను. ఆ పిలుపు నాకు కొత్త.