కాఫీ హల్వాకు అరువు నాలుక

ఈ ఉదయం బెల్లం పాకంలో కాఫీ డికాక్షన్ పోయగానే లేచిన ఆవిరి నన్ను నేరుగా సువార్తమ్మ ఆంటీ వంటింట్లోకి తీసుకెళ్లింది. పెళ్లయి బోనకల్ నుంచి బూర్గంపాడు వచ్చిన కొత్తలో ఆమె ఇంటి వెనక పోర్షన్‌లోనే కిరాయికి దిగాం. దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన ఆంటీకి కాఫీ అంటే పిచ్చి. జంతికల పిండిలో కాఫీ, నాటుకోడి కూర దించే ముందు అర చెంచా కాఫీపొడి. ఫిల్టర్‌లో మిగిలిన పిప్పిని కూడా ఎండబెట్టి, పెసరపిండి కలిపి సున్నిపిండి చేసేది. అది రుద్దుకుని ఆఫీసుకు వెళ్లిన మా ఆయనను పక్కసీటాయన "పొద్దుగాల్నే ఏ హోటల్‌కు పోయినవ్?" అని అడిగాడట. కొత్త ఊళ్లో మాట్లాడే మనిషి లేక దిగులుపడిన నేను ఆమె పొయ్యి దగ్గరే మళ్లీ నవ్వడం మొదలుపెట్టాను.

అంత పిచ్చి ఉన్న మనిషి, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లో, నలభై రోజులూ కాఫీ చుక్క నాలుకకు తగలనిచ్చేది కాదు. ఆ ఏడు భద్రాచలంలో ఒక చర్చివాళ్లు ఈస్టర్ ఉదయం ప్రార్థన తర్వాత పంచడానికి కాఫీ హల్వా చేసిపెట్టమన్నారు. అంత పెద్ద ఆర్డర్ ఆమెకు అదే మొదటిది. అది కుదిరితే ఇంటి ముందు మిఠాయిల బోర్డు పెట్టాలని ఆశ. ముందురోజు వండుతూ గరిటె నా వైపు చాపింది.

"నేను ముట్టొద్దు గద. ఇయ్యాల నా నాలుక నువ్వే పిల్లా. ఎట్లుంది?"

డికాక్షన్ మాడి, హల్వా చేదెక్కింది. కానీ ఆమె చెమటలు కక్కుతూ కలుపుతోంది. పెద్దవాళ్ల వంటకు వంక పెట్టకుండా పెంచారు నన్ను. "చాలా బాగుందాంటీ" అనేశాను.

మర్నాడు చర్చి ఆవరణలో ఎక్కడ చూసినా కొరికి వదిలేసిన ముక్కలే. ఒక పెద్దాయన "ఏందమ్మా, కషాయం తెచ్చినవా?" అన్నాడు. "తప్పు నాదేనయ్యా" అంది ఆంటీ. నా పేరెత్తలేదు. తిరిగొస్తూ గోదావరి వంతెన మీద, ఆటోలో ఏడుస్తూ నిజం చెప్పాను.

"తెల్సు. ప్రార్థన కాంగనే నేనూ తిన్న" అంది. "నువ్వు నాకు మర్యాద ఇచ్చినవ్. హల్వాకు ఇయ్యలే."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె అంతలోనే ట్రే మీద చెయ్యేసి నవ్వింది. "గింత హల్వా పారబోస్తమా? వేడిపాలల్ల కలుపుకొని తాగుదాం. నలభై రోజులాయె కాఫీ తాగక." వారమంతా అదే తాగాం. పైన నెయ్యి తేలుతున్నా, నిజంగానే బాగుంది.

ఇక నన్ను రుచి చూడమనదనుకున్నాను. మరుసటి ఏడు మా వీధి చర్చివాళ్లు చిన్న ఆర్డర్ ఇస్తే, గరిటె మళ్లీ నా ముందుకే వచ్చింది.

"చేదుందాంటీ" అన్నాను.

ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, మూకుడు దించి, కొత్త పాకం పెట్టింది. "అవ్, ఇప్పుడొచ్చింది నాకు నాలుక!" ఆ ఈస్టర్‌కు ట్రేలు ఖాళీగా తిరిగొచ్చాయి. తర్వాతి నెల బోర్డు కూడా లేచింది.

ఆంటీ పోయి మూడేళ్లు. ఆ బోర్డు కింద ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. నేను చర్చికి వెళ్లను. అయినా ఈ నలభై రోజులూ కాఫీ ముట్టను. రుచి చూసే పని మా ఆయనది. ఈ ఉదయం గరిటె నాకి, నా మొహం వైపు భయంభయంగా చూసి, "చేదుగుందే" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. మూకుడు దించి, కొత్త పాకం పెట్టాను.