ఎర్రగీతలు ఆపేసింది నేనే

ఇన్నేళ్లుగా ఇది నాలోనే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మడికొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. శిక్షణలో మేమిద్దరం, నేనూ సరితా. ఉద్యోగం ఒక్కరికే. మాది హనుమకొండలో బట్టల కొట్టు. సరిత రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేది, వ్యవసాయం చేసుకునేవాళ్ల పిల్ల. నాకంటే చురుకు. అది మొదటి వారమే అర్థమై నాకు ఒళ్లు మండింది.

మా దగ్గర ఎవరి కోడ్ ఫైలు వాళ్లు రాసి ఇవ్వాలి. సాయంత్రం టీమ్ లీడర్ అన్నీ కలిపి పెద్ద తెర మీద నడిపేవాడు. ఎవరి ఫైలు దగ్గర ఆగిపోతే వాళ్లు లేచి నిలబడి, తమ తప్పు తామే చదివి వినిపించాలి. అప్పటిదాకా మాకున్న దిక్కల్లా కోడ్ రాసుకునే ఎడిటర్‌లో తప్పులు పట్టే ఒక ప్లగిన్, అంటే దానికి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. బ్రాకెట్ మూయడం మరిచిపోతే అక్కడికక్కడే ఎర్రగీత గీస్తుంది.

నేను ముందు చేరినదాన్ని కనుక సరిత సిస్టమ్‌లో దాన్ని పెట్టమని నాకే చెప్పారు. పెట్టాను. ఆమె ఫోల్డర్‌ను మాత్రం చూడవద్దని సెట్టింగుల్లో ఒక లైను చేర్చాను. పొరపాటు కాదు. సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించి మరీ లేచాను.

"అక్కా, జర ఇటు చూడరాదు. నాకు ఎర్రగీతలు అస్సలే వస్తలేవు."

"తప్పు లేకుంటే ఎట్లొస్తయ్ చెల్లె? మంచిగనే రాస్తానవ్. ఫికర్ చెయ్యకు."

ఆమె మొహం వెలిగిపోయింది. నాకు నవ్వొచ్చింది. అవును, నవ్వే.

ఇక సాయంత్రమైతే చాలు, ఆమె నిలబడేది. ఎర్రగీతకు దొరకని తప్పులు కూడా ఉంటాయని నేను చెబితే నమ్మింది. అందరూ నవ్వేవారు, అందరికంటే ముందు నేను. పాపం, రాసిన ప్రతి లైనూ తెర మీద వేలు పెట్టి తడుముకుంటూ చదువుకోవడం మొదలుపెట్టింది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. సెట్టింగుల్లో నేను చేర్చిన ఆ లైను తీసేయడానికి ఎంతసేపు? టీ చల్లారేలోపు అయ్యే పని. మరి ఎందుకు తీయలేదు? దొరికిపోతానన్న భయంతో అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆమె తలవంచుకుని నిలబడితే చూడటం నాకు ఇష్టంగా ఉండేది.

ఆమెను పంపించేసిన రోజు నా చెయ్యి పట్టుకుంది. నేనెంత సాయం చేసినా తన బుర్రకే ఎక్కలేదట, తనవల్ల నాకూ చెడ్డపేరు వచ్చిందట.

ఉద్యోగం నాకిచ్చారు. ఆమె సిస్టమ్ శుభ్రం చేయమన్నారు. ఎర్రగీతలు మళ్లీ వచ్చేలా ఆ లైను తీసేసి, ఆమె చివరగా రాసిన ఫైలు తెరిచాను. పంపేయాలని ముందే అనుకున్నారు కాబట్టి దాన్ని ఎవరూ నడిపి చూడలేదు. పై నుంచి కింది దాకా వెతికాను. ఒక్క ఎర్రగీత కూడా లేదు.

ఏ సాయమూ లేకుండా, ఉత్త కళ్లతో నేర్చేసుకుంది. ఒక్క ఫోన్ చేసి ఆ మాట చెప్పొచ్చు. చెప్పలేదు. ఫైలు తుడిచేశాను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పాను. అయినా తేలిగ్గా ఉంది. సిగ్గులేకుండా, చాలా తేలిగ్గా ఉంది.